పైదే నొక్కెయ్

మీకు చదవడం రాని భాషలో ఎవరో ఒక ప్రశ్న అడిగారనుకోండి. కింద రెండు జవాబులున్నాయి, ఒకటి ఎంచుకోవాలి. ఏం చేస్తారు? ఆలోచించి చెప్పండి, తొందరేం లేదు. ఏమిటీ, కళ్ళు మూసుకుని ఏదో ఒకటి నొక్కేస్తావా? శభాష్! మా చెల్లెలూ అదే చేసేది. ఆ సంగతే చెప్తాను, దగ్గరికి జరగండి. అర్థం కాకపోతే చెయ్యెత్తండి.

మా చెల్లెల్ని ఇంట్లో చిటికె అనేవాళ్ళం. ఏ పనైనా చిటికెలో తేల్చేసే రకం. నేను బడిలో పాఠాలు చెప్తుంటే, అది పాత టీవీలు బాగుచేసి అమ్మే కొట్లో పనిచేసేది. ఆ కొట్టుకి ఓడల్లో అట్టపెట్టెలు వచ్చేవి. వాటినిండా జపాను వాళ్ళు ఆడి వదిలేసిన వీడియో గేములు. అప్పట్లో గేము అంటే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ క్యాసెట్టు. దాన్ని ఒక పెట్టెలో గుచ్చి, ఆ పెట్టెను టీవీకి తగిలిస్తే తెర మీద బొమ్మలు కదిలేవి. వచ్చిన క్యాసెట్టు పనిచేస్తోందా లేదా అని కాసేపు ఆడి చూడటం చిటికె ఉద్యోగం. కొట్లో తెమలనివి ఇంటికి మోసుకొచ్చేది.

"ఒక్క అక్షరం రాదు కదే, ఎలా ఆడతావు?" అన్నాను ఒకసారి.

"నువ్వు పంతులమ్మవి కాబట్టి చదవాలంటావక్కా. వాడు ఏదడిగినా పైదే నొక్కెయ్. పైది ఎప్పుడూ 'సరే' అనే. సరే అంటే ఆట ముందుకెళ్తుంది. మనకి కావలసింది అంతేగా?"

"పెళ్ళికి మాత్రం ఇంత తేలిగ్గా సరే అనవేం?" అని వంటింట్లోంచి అమ్మ దెప్పింది. నాన్న పేపరు చాటున కిసుక్కున నవ్వాడు.

ముసురు పట్టిన ఒక ఆదివారం మధ్యాహ్నం చిటికె కొత్త క్యాసెట్టు ఒకటి పెట్టింది. దాని మీద బొమ్మ లేదు, పేరు లేదు. తడిసి ఆరని గుడ్డల వాసన. తెర మీద ఒక ఇల్లు వచ్చింది. పైకప్పు ఎత్తేసి చూస్తే గదులన్నీ ఎలా కనబడతాయో, అలా. గదుల్లో ఎవరూ లేరు. మిగతా ఆటల్లా పాట లేదు, ఎక్కడో చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప. వీధి గుమ్మం బయట ఒక ఆకారం నిలబడి ఉంది. దాని ముఖానికి రంగు వెయ్యడం మరిచిపోయారేమో అనుకున్నాను. తెల్లగా, బోసిగా ఉంది.

ఒక వాక్యం వచ్చింది. దాని కింద రెండు జవాబులు.

చిటికె జామపండు కొరుకుతూ పైది నొక్కింది. ఆకారం గడప దాటి లోపలికి వచ్చింది.

"చూశావా, ముందుకెళ్ళింది," అంది.

అప్పుడు నాన్న స్నానానికి వెళ్ళి ఉన్నాడు. ఎంతసేపటికీ కుళాయి కట్టలేదు. అమ్మ తలుపు తట్టింది. పిలిచింది. నీళ్ళు తలుపు కిందనుంచి బయటికి పాకుతున్నాయి. పక్కింటివాళ్ళు వచ్చి తలుపు విరగ్గొడితే, లోపల గడియ వేసినది వేసినట్టే ఉంది. బకెట్టు నిండి పొర్లుతోంది. సబ్బు మీద నురగ ఇంకా ఆరలేదు... నాన్న లేడు. ఉన్న ఒక్క కిటికీకీ ఊచలు. పోలీసులు వచ్చి, ఆ ఊచల్ని లాగి చూసి, "ఎటో వెళ్ళుంటారులెండి, వస్తారు," అని వెళ్ళిపోయారు.

అమ్మ అన్నం మానేసింది. చిటికె కొట్టుకి పోవడం మానేసింది. ఇచ్చిన సరుకు తిరిగి పంపమని యజమాని మనిషిని పంపాడు. పంపేముందు ఒకసారి సరిచూద్దామని చిటికె ఆ క్యాసెట్టు మళ్ళీ పెట్టింది. ఆకారం ఈసారి నడింట్లో ఉంది. వెనక గదిలో గోడకేసి తిరిగి ఒక చిన్న మనిషి బొమ్మ కూర్చుని ఉంది. మొదటిసారి అది లేదు. మళ్ళీ ప్రశ్న వచ్చింది. చిటికె మనసు ఎక్కడో ఉంది. వేలు మాత్రం అలవాటు తప్పలేదు.

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. పాలు పొంగి పొయ్యిలో పడుతున్నాయి. గరిటె కింద పడి ఇంకా ఊగుతోంది... అమ్మ లేదు.

తెర మీద గోడకేసి కూర్చున్న బొమ్మ పక్కన ఇంకో బొమ్మ. నడుముకి తువ్వాలు దోపుకుని ఉంది. మా అమ్మ ఎలా దోపుకుంటుందో, అలాగే.

యంత్రాల కంపెనీలో జపాను వాళ్ళ మాటలు మనవాళ్ళకి చెప్పే ఒకావిడ మా బడి వెనక వీధిలో ఉండేది. నేను పరిగెత్తుకెళ్ళి ఆవిణ్ణి తీసుకొచ్చాను. అంతసేపూ చిటికె ఆట నడిపే జాయ్‌స్టిక్ తాకకుండా, తెర మీంచి చూపు తిప్పకుండా కూర్చునే ఉంది.

మేం గుమ్మంలో అడుగు పెట్టగానే ప్రశ్న వచ్చింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"ఏముందండీ?" అన్నాను.

"ఇంట్లో ఒకరిని ఇస్తావా... అని."

చిటికె తెర దగ్గరికి జరిగింది. "పైది?" అని గొణిగింది.

"ఇస్తాను."

"అయితే కిందిది 'ఇవ్వను' కదా? చెప్పండి పిన్నిగారూ, ఇవ్వననే కదా?"

ఆవిడ కింది వరస మీద వేలు పెట్టి చదివింది.

"కాదమ్మా. 'తర్వాత ఇస్తాను'."

పిల్లలూ, ఇది గమనించండి. రెండు జవాబులిచ్చారంటే ఒకటి అవును, ఒకటి కాదు అనుకుంటాం. అలా ఉంటాయని ఎవరూ మాటివ్వలేదు.

అప్పుడు తువ్వాలు దోపుకున్న బొమ్మ దగ్గర చిన్న అక్షరాలు మెరిశాయి. అదేమంటోందని అడిగాను.

"తలుపు తియ్యండే... ఎవరూ లేరా ఇంట్లో... అంటోంది," అంది ఆవిడ.

చిటికె ఒక్క ఉదుటున లేచి ప్లగ్గు పట్టుకుంది. "దీని పీడ విరగడ చేస్తా!"

"ఆగమ్మా! అడుగున ఇంకో వరస ఉంది. ప్రశ్న వచ్చాక ఆపినా, ఊరుకున్నా... ఇచ్చినట్టే అని..."

ప్లగ్గు ఊడిన చప్పుడు వినబడింది.

వైరు నేల మీద పడి ఉంది. చిటికె చెప్పులు గోడ పక్కన ఉన్నాయి, కాళ్ళు ఇప్పుడే తీసినట్టు. గదిలో ఆవిడా నేనూ తప్ప ఎవరూ లేరు. కరెంటు లేకుండా తెర వెలుగుతూనే ఉంది. గోడకేసి మూడు బొమ్మలు...

ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఆవిడ నా వేలు పట్టుకుని కింది జవాబు నొక్కించింది. ఆకారం కదల్లేదు. తర్వాత ఆవిడ మా గడప తొక్కలేదు. ఇప్పుడు బతికి లేదు.

ఆనాటినుంచి రోజూ పొద్దున పూట ప్రశ్న వస్తుంది. చీకటి పడేలోగా కిందిది నొక్కుతాను. ఇళ్ళు మారినా ఆ టీవీని వెంట తెచ్చుకున్నాను. పారేస్తే, చదవడం రానివాళ్ళెవరో పైది నొక్కుతారు. పైగా మావాళ్ళు అందులో ఉన్నారు. మీ తాతయ్య బతికున్నన్నాళ్ళూ నేను ఊరెళ్తే ఆయనే నొక్కేవారు. పిల్లల్ని నా దగ్గరికి పంపొద్దే అని మీ అమ్మకి ఎన్నిసార్లు చెప్పాను! ముసలితనం, చాదస్తం అంటుంది. సెలవులని తెచ్చి దింపేసి పోయింది.

ఆ కింది జవాబు చదవడం నాకు ఇప్పటికీ రాదు. దాని రూపు మాత్రం కళ్ళు మూసుకుని గియ్యగలను. ఈ పొద్దున అది మారింది. కింద వేరే అక్షరాలున్నాయి. తక్కువ అక్షరాలు. ఏమని ఉందో చెప్పేవాళ్ళు లేరు. మీ అమ్మ కొనిచ్చిన ఫోనుతో ఫొటో తీశాను, అది తర్జుమా చేస్తుందటగా. ఫొటోలో టీవీ ఆరిపోయినట్టు నల్లగా వచ్చింది. ఆ నల్లటి అద్దంలో మంచం పడింది, కిటికీ పడింది, వెనక తలుపు పడింది. ఎదురుగా నిలబడి ఫొటో తీసిన నేను మాత్రం పడలేదు.

వెలుతురు తగ్గుతోంది. ఇవాళ్టిది ఇంకా నొక్కలేదు, ఊరుకుంటే ఇచ్చినట్టే. మీరు ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇక్కడే కూర్చోండి. నేను వెళ్ళి నొక్కి వస్తాను.