కొంగల కాలనీ

మడుగు ఒడ్డున చెట్లు కొట్టేసి పక్షుల పార్కు కట్టాలని మున్సిపాలిటీకి బుద్ధి పుట్టింది. పార్కులో సిమెంటు కొంగలుంటాయి. చెట్ల మీదున్న అసలు కొంగలు మాత్రం ఎస్టిమేట్‌లో లేవు.

కాలేజీలో కొత్తగా చేరిన జువాలజీ మేడం మండిపడి అర్జీ పెట్టింది. "మడుగు ఒడ్డు కాలనీని కూల్చకండి. పిల్లాపాపలతో ఉన్న కుటుంబాలు." గూళ్ళన్నీ ఒకచోట ఉంటే ఆమె చదువులో దాన్ని కాలనీ అంటారు. ఆఫీసులో కాలనీ అంటే ఓట్లు. కమిషనర్ హడలిపోయి పేపర్ వాళ్ళని పిలిచాడు. ఒక్క కుటుంబాన్ని కూడా రోడ్డున పడనివ్వనని ఛాతీ విరిచి చెప్పి, విచారణకి కుర్ర ఇంజనీర్ని తోలాడు.

ఇంజనీర్ టేపు పట్టుకుని మడుగంతా తిరిగాడు. ఒక్క గోడ కూడా కనపడలేదు. చెట్టు కింద బైనాక్యులర్స్‌తో మేడం కనపడింది.

"ఏమండీ, కాలనీ ఎక్కడ?"

"మీ నెత్తి మీద."

తలెత్తాడు. వెంటనే చొక్కా పాడైంది. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుకి అతను చొక్కా సంగతే మర్చిపోయాడు.

"ఇవా కుటుంబాలు? నా ఉద్యోగం ఊడగొడతారా ఏంటి?"

"పిల్లలకి ఇంకా ఎగరడం రాదండీ. సోమవారం రంపాలొస్తే కిందపడి చస్తాయి. మీకు నవ్వులాటగా ఉందా?"

"నవ్వింది మీరు!"

ఆఫీసులో కమిషనర్ కాచుకుని కూర్చున్నాడు.

"ఏమోయ్, వాళ్ళు ఖాళీ చేస్తారా, చెయ్యరా?"

కొంగలని చెబితే చెట్లు పోతాయి. చెప్పకపోతే తన ఉద్యోగం పోతుంది. ఇంజనీర్ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"పిల్లలకి రెక్కలొచ్చాక వాళ్ళే వెళ్ళిపోతారు సార్."

కమిషనర్ కళ్ళు చెమర్చాయి. "మావాడూ అంతేనయ్యా. రెక్కలొచ్చాయి, ఇంటి మొహం చూడ్డు. అందాకా పని ఆపించెయ్."

వారం తిరక్కుండా, కాలనీవాసులతో ఫోటో దిగుదామని కమిషనర్ స్వయంగా మడుగుకి వెళ్ళాడు. నిప్పు తొక్కిన కోతిలా తిరిగొచ్చాడు. కానీ పని మళ్ళీ మొదలుపెడితే కొంగల చేతిలో మోసపోయానని ఊరందరి ముందూ ఒప్పుకోవాలి. అందుకని చెట్లని వదిలేసి, ఇంజనీర్ని మురుగు కాలవల సెక్షన్‌కి విసిరేశాడు.

ఆ సాయంత్రం మడుగు దగ్గర వాన అందుకుంది. మేడం తన గొడుగు అతని మీదకి జరిపింది.

"నావల్లే కదూ?"

"కాదండీ. ఆ మాట నాదే. మళ్ళీ అడిగినా అదే చెప్తాను."

"మురుగు కాలవలు బాగా కంపు కొడతాయేమో?"

"అలవాటైపోతుందట."

"అది కాదు. అల్లుడేం చేస్తాడని మా ఇంట్లో అడుగుతారు కదా!"

"ఎవరి అల్లుడు?"

"రామ రామ! మీరంటే నాకిష్టం అంటున్నాను. ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం నాకు రాదు."

అతనికి సంతోషంతో ఊపిరాడలేదు. గొడుగు ఆమె చేతిలోంచి తీసుకుని తను పట్టుకున్నాడు.

"ఆదివారం మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా? వచ్చి అడుగుతాను. ఆయన దగ్గర మాత్రం ఉన్నదున్నట్టే చెప్తాను."