గాటు పడ్డ చక్రవర్తి

కంసాలి తవిటయ్య పీకలో కత్తి దిగేసరికి పలాస స్టేషన్లో రైలు కూత వేస్తోంది. అరుపు ఎవరికీ వినబడలేదు. చచ్చేముందు ఏజెంట్ రూబెన్‌కి ఒక్క మెసేజ్ మాత్రం పెట్టగలిగాడు: "రోమన్ బంగారు కాసులు పన్నెండు. పదకొండు అసలువి. ఒకటి నాసేత పోత పోయించినారు."

ఇరవై రోజులుగా రూబెన్ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే కూలీ వేషంలో ఉన్నాడు. పెంకు నూనె అతని వేళ్ల మీది గీతల్ని తినేసింది. ఫోన్లో చీఫ్ వైకుంఠరావు బ్రీఫింగ్ మూడు ముక్కల్లో ముగిసింది.

"పోత కాసులో మైక్రోచిప్. మన సబ్‌మెరైన్ రూట్. నాలుగింటికి డొంకూరు తీరంలో విదేశీ బోటెక్కితే సబ్‌మెరైన్ మిగలదు."

అందులో రూబెన్ తమ్ముడు ఏసుబాబు ఉన్నాడు. ఆ సంగతి చీఫ్‌కీ తెలుసు. కానీ ఎత్తలేదు. పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి తలకాయలే కనిపిస్తాయి, తమ్ముళ్లు కనిపించరు.

"కాసుల ఎక్స్‌పర్ట్ షాలిని వస్తుంది. కోడ్ వర్డ్ ముంతమామిడి."

నల్లకళ్లద్దాలు, ఎర్ర బైకు. టెక్కలి పిల్ల. "ముంతమామిడి పండింది బావా, ఎక్కు!" అని నవ్వింది.

డొంకూరు సరుగుడు తోటలో ముఠా కొరియర్ చార్లెస్, ఇద్దరు గార్డులు. రూబెన్ బస్తా మోసుకుంటూ ఎదురెళ్లాడు.

"ఏట్రా, పిక్కలా? ఇక్కడెవుడు కొంతాడు?"

"కొనక్కర్నేదు మావా. ఊరికే ఇత్తాను."

బస్తాలోంచి కత్తి లేచింది. ఒకడి మణికట్టు తెగింది. రెండోవాడి మోకాలు విరిగింది. చార్లెస్ మొహాన్ని రూబెన్ ఒడ్డున లాగిపెట్టిన తెప్పకేసి మూడుసార్లు కొట్టాడు. మూడోసారికి పళ్లతోపాటు నడుము సంచీ కూడా ఊడింది.

ఇసుకలో పన్నెండు కాసులు. అన్నిటి మీదా రోమన్ చక్రవర్తి మొహం, మొహానికి అడ్డంగా ఉలి గాటు. పరాయి రాజు బొమ్మ ఇక్కడ చెల్లదని మన పాతకాలం వాళ్లు పెట్టిన గాటు.

సముద్రంలో మోటారు చప్పుడు.

షాలిని భూతద్దం పెట్టి ఒకటి తీసింది. "ఇదే దొంగది. నువ్వుంచు. మిగతావి మ్యూజియంకి నేనిత్తాను," అని పదకొండూ తన సంచీలో వేసుకుంది.

రూబెన్ బొటనవేలి గోరుతో గాటును తడిమాడు. రెండు అంచులూ పైకి లేచి గీసుకున్నాయి. తొమ్మిదో ఏట బడి మాన్పించి పిక్కల దగ్గర కూర్చోబెట్టారు అతన్ని. కత్తి దిగినచోట అంచు లేస్తుంది. పోతలో ఆ పదును రాదు.

"ఇది అసలు ఉలి దెబ్బే, షాలినీ. దొంగది నీ సంచీలో ఉంది."

"పిక్కలు కొట్టుకునేవోడివి, నాకు సెప్తావేటి బావా?"

పిస్టల్ పేలింది. రూబెన్ ఎడమ భుజం చిట్లింది. కుడిచేత్తో బస్తాలోని పెంకు నూనె డబ్బా తీసి ఆమె మొహాన విసిరాడు. చర్మం కాలి, కళ్లు కనబడక, కేకలు పెడుతూ ఆమె బోటువైపు నీళ్లలోకి పరిగెత్తింది. బోటువాడి చెయ్యి సంచీకి జానెడు దూరంలో ఉండగా రూబెన్ ఆమె జుట్టు పట్టి వెనక్కి లాగాడు. బోటువాడు అతన్ని కాల్చబోయి ఆమెను కాల్చాడు. బోటు వెనక్కి తిరిగి పారిపోయింది.

ఎర్రబడ్డ నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క కాసూ గోరుతో తడిమాడు. ఏడోదాని గాటు సబ్బుముక్కలా నున్నగా ఉంది. తెప్ప మీద పెట్టి లంగరు రాయితో కొట్టాడు. చిప్ పొడైపోయింది.

చీఫ్‌కి మెసేజ్ పెట్టాడు. వెంటనే ఫోన్ మోగింది. "తమ్ముడు క్షేమం రూబెన్. గుడ్ వర్క్. ఒక్క చిన్న విషయం. మొన్న రిపోర్టివ్వడానికి ఆఫీసుకొచ్చినప్పుడు నీ వేలు బయోమెట్రిక్ మిషన్ తీసుకోలేదట. ఆబ్సెంట్ వేశారు."

రూబెన్ రక్తం తుడిచి, గీతల్లేని బొటనవేలు చూసుకున్నాడు.

"అసలోణ్ణే దొంగంటందా? ఆ మిషన్ కూడా షాలినీయే కొనిపెట్టిందేటి సార్?"