గురువారం రాత్రి నీలం వెలుగు

ఏడో బ్లాకు వైపు పొద్దుగూకాక ఎవరూ వెళ్ళరు.

మా ఊరి బొగ్గు గనులు మూతపడి, మనుషులు ఒక్కొక్కరే దిగిపోయాక, గుట్ట మీద కాలనీలో ఎనిమిది బ్లాకులు మిగిలాయి. అన్నీ ఖాళీయే. వచ్చే వేసవికి కూలగొడతామని మునిసిపాలిటీవాళ్ళు కంచె కట్టి బోర్డు పెట్టారు. కరెంటు తీసేసి ఆరేళ్ళయింది. అయినా ఏడో బ్లాకులో, నాలుగో అంతస్తులో, ఎడమ నుంచి మూడో కిటికీలో... గురువారం అర్ధరాత్రి దాటాక వెలుగు కనబడుతోంది. దీపం వెలుగు కాదు. నీలంగా — వణుకుతూ — ఆగి — మళ్ళీ వణుకుతూ.

నేను గుట్ట కింద, బస్సుల షెడ్డు పక్కన, ఓడెన్ కొట్టు నడుపుతాను — ముల్లంగి, గుడ్లు పులుసులో ఉడికించి అమ్ముతాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ గిన్నె ముందే కూర్చున్నదాన్ని కాబట్టి ఊళ్ళో ఏ మాటైనా నా దగ్గర బాగా ఉడికాకే బయటికి పోతుంది. ఈ వెలుగు గురించి పది రకాలుగా విన్నాను. ఉరేసుకున్న ముసలాయన అన్నారు. గనిలో పోయిన మొగుడి కోసం కూర్చున్న ఆవిడ అన్నారు. చేపల లారీ తోలే అతనైతే, కిటికీలో ఆడమనిషి నీడని కళ్ళారా చూశానన్నాడు.

"తాగి చూశావా, తాగక చూశావా?" అన్నాను.

"చూశాక తాగాను పిన్నీ," అన్నాడు.

అందరం నవ్వాం. కోహెయ్ నవ్వలేదు.

కోహెయ్ ఒకప్పుడు గుట్ట మీదికి బస్సు నడిపేవాడు. ఆ రూటు ఎత్తేశాక ఇప్పుడు స్టేషన్ రూటులో ఉన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు, పెళ్ళి లేదు, పెద్దగా మాటా లేదు. డ్యూటీ దిగి నా దగ్గర ముల్లంగి ముక్క, గుడ్డు తిని ఇంటికి పోతాడు. ఆ రోజు తింటున్నవాడు తినడం ఆపేశాడు. మిగతావాళ్ళు లేచి వెళ్ళేదాకా కూర్చున్నాడు.

"అది మా ఇల్లు పిన్నీ," అన్నాడు. "ఆ కిటికీ... మా టీవీ గది."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. వాణ్ణి పదేళ్ళుగా ఎరుగుదును. ఆ రాత్రి చెప్పిందంతా అంతకు ముందెప్పుడూ చెప్పలేదు.

ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. వాడికి ఎనిమిదేళ్ళు, వాళ్ళక్క సనాయెకి పధ్నాలుగు. తల్లి రాత్రిళ్ళు అన్నం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీలో పని చేసేది. గురువారం అర్ధరాత్రి దాటాక, ఒకటీ నలభై ఐదుకి, టీవీలో ఒక అనిమే, అదే బొమ్మల కథ, వచ్చేది. పిల్లలు మేలుకునే వేళ కాదు కదా, సనాయె సాయంత్రమే వీడియో పెట్టెలో, దానంతటదే టేపు మీద ఎక్కేలా, టైము పెట్టి పడుకునేది. తెల్లారి బడికి వెళ్ళే ముందు ఇద్దరూ టేపు వెనక్కి తిప్పుకుని చూసేవాళ్ళు. ఇంట్లో ఉన్నది ఒకటే టేపు. ఈ వారానిది ఎక్కితే పోయిన వారానిది చెరిగిపోయేది.

అందులో, ఒక చెయ్యి లేని మనిషి ఎడారిలో నడుస్తుంటాడు. ఎవర్నో వెతుకుతుంటాడు. ఉన్నట్టుండి ఎడారి మాయమై, సముద్రం అడుగున ఒక పిల్ల లాంతరు పట్టుకుని నడుస్తుంటుంది. అది కూడా సగంలోనే ఆగిపోతుంది. మొదట్లో కోహెయ్ ఏమీ అర్థం కాక ఏడ్చేవాడట. అప్పుడు సనాయె చెప్పేది —

"ఎడారంటే ఏంట్రా పిచ్చోడా, నీళ్ళెండిపోయిన సముద్రమే. ఆ పిల్ల నడిచిన దారినే వెయ్యేళ్ళ తర్వాత వాళ్ళన్న నడుస్తున్నాడు. ఆమె కోసమే. చివరి వారం ఇద్దరూ కలుస్తారు చూడు."

వారం వారం ఇలాగే. టేపు ఆగిన దగ్గర్నుంచి మిగతాది సనాయె చెప్పేది. బూట్ల తాళ్ళు కట్టుకుంటూ చెప్పేది, మెట్లు దిగుతూ చెప్పేది, బడి గేటు దాకా చెప్పేది.

ఆ ఎండాకాలం సనాయెకి జ్వరం పట్టుకుంది. రక్తానికి సంబంధించిన జబ్బన్నారు. సెప్టెంబరుకి ఆసుపత్రిలో మంచం మీదే ఉంది. అనిమేకి ఆఖరి వారం వచ్చింది.

"ఈసారి నువ్వు టైము పెట్టరా," అంది తమ్ముడితో. "పొద్దున్నే చూసి, సాయంత్రం వచ్చి నాకు చెప్పు. వాళ్ళు కలిశారో లేదో."

స్టూలెక్కి, ఒక్కో బొత్తాం చూసి చూసి నొక్కి, అక్క పెట్టినట్టే ఒకటీ నలభై ఐదుకి పెట్టాడు.

ఆ రాత్రి బేస్‌బాల్ ఆట తెగలేదు. మా దగ్గర ఆట సాగితే టీవీలో దాని తర్వాత వచ్చేవన్నీ వరసగా వెనక్కి జరిగిపోతాయి. పేపర్లో వేసిన టైము ఇక టైము కాదు. తెలిసినవాళ్ళు ముందే ఒక గంట ఎక్కువ పెట్టుకుంటారు. ఎనిమిదేళ్ళవాడికి ఎవరు చెప్పాలి? పొద్దున టేపు వేస్తే, అరగంటంతా ఇద్దరు మనుషులు నవ్వుతూ మూకుళ్ళు అమ్ముతున్నారు.

"చివరిదాకా చూశాను పిన్నీ," అన్నాడు కోహెయ్. "మూకుళ్ళయ్యాక వస్తుందేమోనని."

రాలేదు. ఆ సాయంత్రం అమ్మ ఆసుపత్రికి బయల్దేరితే కడుపునొప్పి అన్నాడు. దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. అక్కకి ఏం చెప్పాలో తెలీక.

శనివారం తెల్లవారుజామున సనాయె పోయింది.

గిన్నెలో పులుసు కలుపుతూ నించున్నాను. వాడికి కళ్ళు తుడుచుకోవడం కూడా చేతకాదు, అలాగే కారనిచ్చాడు.

పెద్దయ్యాక ఆ అనిమే కోసం వాడు వెతకని చోటు లేదు. పేరు తెలీదు. పేరొచ్చే చోట, పాటొచ్చే చోట, బడికి టైమవుతోందని సనాయె టేపు పరిగెత్తించేది. ఇంటర్నెట్‌లో పాత అనిమేల పిచ్చివాళ్ళంతా చేరే చోట పదకొండేళ్ళు అడిగాడు. అలాంటిది లేదన్నారు. జ్వరంలో కలగన్నావన్నారు. రెండు వేరువేరువి కలిపేసుకున్నావు బాబూ, లాంతరు పిల్లది ఫలానా అని ఒకాయన పేరు కూడా చెప్పాడు. అందులో చెయ్యి లేని మనిషి ఉన్నాడా అని అడిగాడు వీడు. లేడన్నాడాయన. అయితే అది కాదని వదిలేశాడు.

"రెండెలా అవుతాయి? ఒకటేనని అక్క చెప్పింది కదా!" అని నామీద కేకలేశాడు, నేనేదో కాదన్నట్టు.

తర్వాత గొంతు తగ్గించాడు.

"గురువారం... అదే కిటికీ... ఆ టైముకే. అక్క ఇంకా చూస్తోంది పిన్నీ. చివరిది రాలేదని కూర్చుంది. నా దగ్గర చెప్పడానికేమీ లేదు. ఆ బిల్డింగ్ పడిపోయేలోగా, తెలీదే అక్కా అనైనా చెప్పి రావాలి కదా."

"వద్దురా," అన్నాను. వింటాడా? ఆ గురువారమే వెళ్ళాడు.

కంచె కింద నుంచి దూరాడు. టార్చి వెలుగులో మెట్లు, మెట్ల మీద ఆకులు, ఎవరిదో పిల్లల చెప్పు. రెండో అంతస్తు... మూడోది... అక్కడ ఆగిపోయాడు. పైనుంచి సన్నగా సంగీతం. పాత టీవీ గొంతు — కీచుగా, దూరంగా.

టార్చి ఆర్పేశాడు. గోడ తడుముకుంటూ ఎక్కాడు. వాళ్ళ తలుపు వారగా తెరిచి ఉంది. సందులోంచి నీలం వెలుగు నేల మీద పడుతోంది... వణుకుతోంది... ఆగుతోంది.

తలుపు తోశాడు.

గది మధ్యలో ఒక ఆడమనిషి. వాకిలికి వీపు పెట్టి, మోకాళ్ళు ముడుచుకుని, సరిగ్గా సనాయె కూర్చునే చోటే కూర్చుని ఉంది.

"అక్కా..." అన్నాడు.

ఆమె తిరిగింది. తిరిగి, కెవ్వున అరిచింది.

వీడూ అరిచాడు. కాసేపు ఇద్దరూ ఒకర్ని చూసి ఒకరు అరుచుకున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం కోహెయ్ కొంచెం నవ్వాడు.

"నువ్వు... సనాయె తమ్ముడివి కదూ? కోహెయ్‌వి?" అందామె గుండె పట్టుకుని.

ఆమె మిచిరు. సనాయెతో ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితురాలు. ఇప్పుడు నలభై నిండాయి, పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గర పని. ముందు ఒక బ్యాటరీ పెట్టె, దానికి తగిలించిన చిన్న టీవీ. టేపు పెట్టే నోరు దానికే ఉంది.

"ఆఖరిది మా ఇంట్లో ఎక్కించాను," అంది గుసగుసగా. "గంట ఎక్కువ పెట్టాను కాబట్టి మొత్తం వచ్చింది. శనివారం తీసుకెళ్ళి, ఇదిగోనే, ఇంటికొచ్చాక చూద్దువుగాని అందామనుకున్నా. వెళ్ళేసరికి... మంచం ఖాళీ." టీవీ మీద చెయ్యి వేసింది. "కూలగొడుతున్నారని తెలిసింది. ఒక్కసారైనా దీన్ని ఇక్కడ వెయ్యాలనిపించింది. వేశాక, ఒక్కసారితో మనసొప్పలేదు. మూడు నెలలుగా ప్రతి గురువారం వస్తున్నాను. నన్ను పిచ్చిదనుకుంటావేమో."

కోహెయ్ ఆమె పక్కన కూలబడ్డాడు. ఇన్నేళ్ళుగా వెతికింది మూరెడు దూరంలో ఆడుతోంది.

"మొదట్నుంచి వెయ్యి అక్కా."

లాంతరు పిల్ల సముద్రం అడుగున నడిచింది. నడిచి నడిచి ఒడ్డు చేరింది. గట్టు మీద వాళ్ళమ్మ నించుని ఉంది. పిల్ల లాంతరు ఊదేసింది. పాట వచ్చింది. అయిపోయింది.

"వాళ్ళన్న ఏడీ?" అన్నాడు కోహెయ్.

"ఏ అన్న?"

"ఎడారిలో... చెయ్యి లేనాయన."

మిచిరు వాడి మొహంలోకి చూసింది.

"అది దీనికి ముందొచ్చేది కదరా. వేరే అనిమే. ఆట సాగినప్పుడల్లా మీ టేపులో దాని తోక, దీని తల పడేవి. కాస్త ఎక్కువ పెట్టుకోవే అని ప్రతి వారం పోరేదాన్ని. నవ్వేది. 'సగం చాల్లేవే... మిగతా సగం వాడికి నేను చెప్తా' అనేది."

కోహెయ్ టీవీ తెర వైపు తిరిగాడు.

ఎక్కడ వెతికితే దొరుకుతుంది? ఆ కథ ఏ టీవీలోనూ రాలేదు. ఆ గదిలోనే పుట్టింది, బడికి వెళ్ళే దారిలోనే నడిచింది. దాని చివర ఏమిటో తెలిసిన మనిషి ఒక్కతే. ఆ ఒక్కతీ వీణ్ణి అడిగి వెళ్ళిపోయింది.

బ్యాటరీ అయిపోయింది. వెలుగు చిన్న చుక్కై ఆరింది. గదంతా చీకటి. కిటికీలోంచి కొంచెం వెన్నెల, అంతే.

ఆ చీకట్లో వాడు మొదలెట్టాడు. "అక్కా... ఆ పిల్ల ఒడ్డుకి రాలేదు. అన్నయ్య అడుగులు పైన వినబడి అక్కడే ఆగిపోయింది..."

మర్నాడు సాయంత్రం నా కొట్టుకొచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి కానీ రెండు గుడ్లు అడిగి తిన్నాడు.

"తెల్లారేదాకా చెప్పాను పిన్నీ. ఇద్దర్నీ కలిపేశాను. నాకు కథలొచ్చా? అంతా మిచిరు అక్క చలవ. నోట మాట రాక ఆగిపోయినప్పుడల్లా, చీకట్లోంచి మెల్లిగా 'తర్వాత?' అని అడుగుతూనే ఉంది. చివరికి 'బాగుంది' అంది. అప్పుడు ఏడ్చాను."

ఆదివారం మిచిరు వచ్చింది, కాలనీ వైపు మొక్కుకుని పోదామని. ఓ గ్లాసు టీ పోసి, మంచి పని చేశావమ్మా, వాడికి తోడుగా అడుగుతూ కూర్చున్నావట అన్నాను.

"నేనా?" అంది. "నేను నోరు తెరిస్తే కదండీ. ఏడుపు వినబడకూడదని రుమాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. వాడే... చెప్తూ చెప్తూ ఆగేవాడు. పక్క గది వైపు తిరిగి, ఎవరో అడిగినట్టు తలాడించి... మళ్ళీ చెప్పేవాడు."

టీ చల్లారిపోతోంది తాగమ్మా అన్నాను. ఇద్దరూ ఇప్పటికీ నా కొట్టుకి వస్తారు, వేరువేరు రోజుల్లో. ఒకరన్నది ఇంకొకరికి నేను చెప్పలేదు.