ఖటోదరా గోడ కాడ ఆగే బండి

"నీ మొగడే ఆపుతున్నడు బండిని. ఇంకెవలు ఆపుతరే?"

"బతికున్నప్పుడు ఏనాడన్న నేను ఆగుమంటె ఆగిండా? సచ్చినంక వచ్చి నన్ను ఆపుతడా?"

గిది మా అత్త బుచ్చవ్వకు, నాకు నడుస్తున్న లొల్లి. ఆర్నెల్ల సంది నడుస్తున్నది. బండి ఆగిన ప్రతి రాత్రి మళ్ల మొదటికెల్లి షురూ అయితది.

బండి ఆగేది ఎక్కడంటె — మేము బతకవచ్చిన ఈ మిల్లుల పట్నంల, ఖటోదరాల, మూతవడ్డ బట్టల రంగుల మిల్లు గోడ కాడ. ఆ గోడకు మంచి పేరు లేదు. మిల్లు నడిచిన కాలంల బాయిలర్ కాడ ఎవలో కాలి సచ్చిండట. రాత్రైతె గోడెనుక మిషన్లు తిరిగిన సప్పుడు వినొస్తదట… కరెంటు కోసి ఏండ్లాయె. నువ్వు విన్నవా అని అడిగితె ఒక్కరు ముందుకు రారు. అందరు "అట" అనెటోల్లే.

ఆ గోడకే మా ఇంటాయన లక్ష్మీరాజం ఒరిగి కూసున్నడు. మగ్గాల కాడ రాత్రి పాళీ డ్యూటీ దిగి నడుసుకుంట వస్తుంటె ఛాతీల నొప్పి లేసింది. కూసున్నోడు మళ్ల లేవలే.

ఆయన సచ్చినందుకు మగ్గాల సేటు ఇచ్చిన పైసలతోని సెకండ్ హ్యాండ్ వ్యాను కొన్న. నడుపుడు నేర్చుకున్న, లైసెన్సు తీసుకున్న. "మొగడు వోయినామె స్టీరింగు పట్టింది సూడు" అన్నరు మేముండే బమ్రోలిల. అన్నోల్లే ఎక్కిన్రు. ఇచ్ఛాపూర్ కంపెనీలల్ల రెండో పాళీ దిగినోల్లను రాత్రి ఇండ్లకు తెచ్చుడు నా పని. ఏడుగురు సవారీలు. మా ఇంట్ల పొయ్యి వెలిగేది ఆ ఏడుగురి మీదనే.

గట్ల తెస్తుంటె ఒకనాడు — సరిగ్గ ఆ గోడ కాడ — బండి సచ్చింది.

దగ్గలే, గుంజలే. నోటికి చెయ్యి అడ్డం వెట్టినట్టు టక్కున ఆగింది. తాళం తిప్పితె ఇంజను తిరుగుతది… అంటుకోదు.

ఎనుక సీట్లకెల్లి సవారీలల్ల ఒకడు, గంగారాం, గుసగుస వెట్టిండు. "వదినా… అన్న కూసున్న జాగ గిదే గదా."

"నోరు ముయ్యి. దిగి నూకు."

నూకినా కాలే. ఎవలో ఉరికి కొబ్బరికాయ తెచ్చిన్రు. అగరొత్తులు ముట్టిచ్చిన్రు, కాయ కొట్టిన్రు, నన్ను దండం వెట్టుమన్నరు. అంతా అయినంక తాళం తిప్పిన.

అంటుకుంది.

గంతే! తెల్లారేసరికి బమ్రోలి అంతా తెలిసిపోయింది. అప్పటిసంది మా అత్త రోజు రాత్రి ఒళ్లె కాయ వెట్టుకొని నా పక్క సీట్ల కూసుంటది. బండి ఆగుతది, కాయ పగులుతది, బండి నడుస్తది. పగటి పూట ఇచ్ఛాపూర్ పోయేటప్పుడు ఆగదు. రాత్రి వచ్చేటప్పుడే ఆగుతది. రెండుసార్లు నది వంతెన మీద గూడ ఆగింది — దాన్ని ఎవలు లెక్కవెట్టలే. అక్కడ మా ఇంటాయన సావలే గదా.

మా గల్లీల బండ్లు బాగుచేసే మిస్త్రీ ఓంప్రకాష్ కంప్యూటర్ వెట్టి చూసి "సబ్ ఠీక్ హై భాభీ" అన్నడు, అంతా మంచిగనే ఉన్నదని. ప్లగ్గులు మార్చిండు. ఏం మారలే.

ఆఖరికి గంగారామే నోరు తెరిచిండు. "వదినా, ఏమనుకోకు. ఇంకొక్క వారం చూస్తం. గప్పటికీ ఆగితె వేరే బండి మాట్లాడుకుంటం. పిల్లలు గల్లోల్లం."

"అమ్మెయ్యే పిల్లా," అన్నది అత్త. "వాని పానం పైసలతోని కొన్న బండి. వానికి ఇష్టం లేదు."

"అమ్మేది లేదు. ఆయనకు కావాల్నంటె వచ్చి నడుపుమను."

ఆ రాత్రి మళ్ల ఆగింది. అందరు దిగవోతుంటె అన్న — "కూసోండ్రి. ఇయ్యాల కాయ కొట్టేది లేదు."

ఎవలు కదలలే. రోడ్డు మీద పురుగు లేదు. గోడ నల్లగ… మా మీదికి వంగినట్టు. అప్పుడు వినవడ్డది.

టిక్… టిక్… టిక్…

నా సీటు కిందికెల్లి.

అత్త నా రెక్క పట్టుకుంది. "గోటితోని గీకుతున్నడే…"

నాకు గూడ భయమైంది, అబద్ధమెందుకు. కాని నేను దిగలే. ఈ బండిల సీటు కిందనే ఇంజను ఉంటది. కింద చెయ్యి వెట్టి చూసిన — పెనమోలె కాలుతున్నది. ఇనుము సల్లగైతుంటె చేసే సప్పుడది. ఆ టిక్కుటిక్కు నిమ్మలమై, నిమ్మలమై, ఆగింది. తాళం తిప్పిన.

అంటుకుంది. కాయ లేదు, అగరొత్తి లేదు, దండం లేదు.

పొద్దుగాల ఓంప్రకాష్ కాడికి పోయి చెప్పిన. "వేడైతె సస్తది, సల్లగైతె లేస్తది."

"అరె భాభీ! గీ మాట ముందు చెప్పాలె గదా!" అని తలకాయ కొట్టుకున్నడు. ఆయన హిందీల చెప్పింది నాకు సమజైంది గింతే: ఇంజను తిరుగుతున్నదని బండిలున్న కంప్యూటర్‌కు కబురు చెప్పే సెన్సర్ ఒకటుంటది. కబురు అందకపోతె నిప్పురవ్వ వడదు. కొన్ని సెన్సర్లు ముసలివయినంక వేడికి మూగవోతయి, సల్లగైతె మళ్ల మాట్లాడుతయి. నేనేమో రోజు పొద్దుగాల సల్లటి బండి తెచ్చి చూపించవడ్తి. ఇచ్ఛాపూర్ కెల్లి గాలిల ఉరికొచ్చిన బండి ఖటోదరా సిగ్నల్ల కాడ పాకుకుంట వస్తది, గాలి తగలక ఉడుకుతది, గోడ కాడికి వచ్చేసరికి ఒడుస్తది. వంతెన మీద ఆగిన రెండు రాత్రులు గూడ బండ్లు జామై ఉండె. "ఈసారి ఆగితె దాని మీద నీళ్లు పొయ్యి. వెంటనే లేస్తె దొంగ అదే," అన్నడు.

ఆ రాత్రి ఆగింది. నీళ్ల సీస పట్టుకొని, నోట్లె టార్చి వెట్టుకొని బండి కిందికి దూరిన. ఓంప్రకాష్ చూపించిన జాగల సన్నంగ నీళ్లు పోస్తున్న —

నా కాలును ఏదో పట్టుకుంది.

సల్లగ. ఎముకల చెయ్యి. గట్టిగ…

టార్చి కిందవడ్డది. "ఎవలది?"

"నేనేనే," అన్నది మా అత్త. "వాడు నిన్ను గూడ గుంజుకపోతడేమోనని పట్టుకున్న."

"ఇడువు అత్తా, పని చేసుకోని!"

బయటికొచ్చి తాళం తిప్పిన. ఒక్క దెబ్బకు అంటుకుంది.

"చూసిన్రా?" అన్న.

అత్త కండ్లు తుడుసుకుంది. "దూపైందే నా కొడుకుకు. ఇన్నాళ్లు నీళ్లకోసమే ఆపుతున్నడు."

"అవ్‌నవ్వా," అన్నడు గంగారాం. మిగిలిన ఆరుగురు తలకాయలూపిన్రు. నాకు ఆ గోడకేసి కొట్టుకుందామనిపిచ్చింది.

తెల్లారి కొత్త సెన్సర్ వేపిచ్చిన. పాతది బొటనవేలంత ఉన్నది. ఓంప్రకాష్ దాన్ని నా అరచేతుల వెట్టి "యే లో భాభీ, ఆప్‌కా భూత్" అని, ఇగో నీ దయ్యమని నవ్విండు.

ఆ రాత్రి సిగ్నల్ల కాడ పాకుకుంట, ఉడుక్కుంట వచ్చినం. గోడ వచ్చింది.

గోడ పోయింది. బండి ఆగలే.

"రేపు గిదే టైముకా, వదినా?" అన్నడు గంగారాం, ఏం తెల్వనట్టు.

"గిదే టైముకు."

అత్త ఎనుకకు తిరిగి చూస్తనే ఉన్నది. "ఆగలే…"

"ఆగదు. బాగైంది."

"అయితె వాడు… లేడానే?"

"లేడు అత్తా. ఎన్నడు లేడు."

అత్త నా దిక్కు వంగింది. మెల్లగ, సవారీలకు వినవడకుంట — "ఎనుకకు తిప్పు. ఒక్కపారి ఆపు."

"ఇండ్లకు పోయెటోల్లున్నరు. గిది కిరాయి బండి. ఆపుమన్నోల్లు పైసలియ్యాలె."

గట్లంటె ఊకుంటదనుకున్న. ఊకోలే. కొంగు ముడి విప్పింది, ఉన్న చిల్లరంత నా ముందట కుప్పవోసింది. తలకాయ పైకే ఉన్నది ఆమెది.

తిప్పిన. గోడ కాడ, నా చేతులతోని నేనే ఆపిన.

మా అత్త దిగలే, ఏడ్వలే. అద్దంల నుంచి గోడను చూసుకుంట కూసున్నది. ఎనుక ఏడుగురిల ఒక్కరు గూడ పోదామనలే. ఆమె "పోనియ్యి" అన్నంకనే తాళం తిప్పిన.

ఇంటికొచ్చినంక ఆ చిల్లర లెక్కవెట్టిన. పదిహేడు రూపాయలు.