ముందుచూపు

2074లో విశాఖ తీరాన ఏ ఇల్లాలైనా “మా ఆయన కిందున్నాడు” అంటే మేడ కింద అని కాదు, సముద్రం కింద అని. మూడు కిలోమీటర్ల లోతున గనికేంద్రంలో అరవైమంది పనిచేస్తున్నారు. కేబుల్ వేస్తే ప్రవాహాలు తెంపేస్తాయి, నీళ్లలో రేడియో సాగదు. ఇక కబురు మోయాల్సింది ధ్వని తరంగాలే. వాటిమీద ఉత్తరం వెళ్తుంది గానీ, కదిలే బొమ్మ పంపడమంటే చీమ నెత్తిన గుమ్మడికాయ పెట్టడమే.

నూకాంబిక కనిపెట్టిన ‘ముందుచూపు’ అసలు బొమ్మనే పంపదు. మనిషి తల, చెయ్యి, పెదవి మరుక్షణం ఎటు కదులుతాయో పైనున్న యంత్రమే ఊహించి గీస్తుంది, గొంతూ పలికిస్తుంది. ఊహ తప్పినచోట మాత్రమే కిందనుంచి దిద్దుబాటు వస్తుంది. దాని పేరు శేషం. అది నూటికి రెండు దాటకపోతే అరవై ఇళ్లకూ రోజూ ముఖాలు కనిపిస్తాయి. దాటితే ఆరేళ్ల పరిశ్రమ అటకెక్కుతుంది. ఇవాళే ఆఖరి పరీక్ష.

తెరమీద పోలినాయుడు, తెరముందు అతని భార్య గౌరి. ఆడపడుచు పెళ్లిచూపుల సంగతి ఆమె గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే అతను తల ఆడిస్తూ ఊఁ కొడుతున్నాడు.

“శేషం సున్నా మేడమ్!” అని అరిచాడు తోటి శాస్త్రవేత్త ఇమ్మానుయేలు.

“సున్నానా? సరిగ్గా చూడవయ్యా!”

“మొదటి నిమిషం నుంచీ సున్నాయే!”

నూకాంబిక చిన్నపిల్లలా ఎగిరి గంతేసింది. ఇంత ఆనందం ఆమె జన్మలో ఎరుగదు.

అప్పుడే కిందనుంచి ఒక ఉత్తరం వచ్చింది. “మేడమ్, నాను పోలినాయుణ్ని. ఇక్కడ మా కింద యంత్రం వైరు ఊడిపోనాది, ఇప్పుడే సూసేను. బిగించీమంటారా? పరీచ్చ ఎప్పుడు మొదలెడతారు?”

ఆమె నీరుగారిపోయింది. దిద్దుబాటు రాకపోతే ఊహ సరైనదే అనుకోమని యంత్రానికి నేర్పింది తనే. వైరు ఊడినా దిద్దుబాటు రాదని తట్టనే లేదు. పేరుకే ముందుచూపు!

“క్షమించు గౌరీ. ఇంతసేపూ ఊఁ కొట్టింది మీ ఆయన కాదు, యంత్రం.”

“నాకెప్పుడో తెలిసిపోనాదమ్మా. నాను నోరిప్పితే రెండో ముక్కకే లెగిసిపోతాడు ఆయన.”

“మరి యంత్రం ఇవన్నీ ఎక్కడ నేర్చింది?”

“మీ ముందు కూకోబెట్టి వారం రోజులు వీడియో తీసేరు కదేటి? పెద్దోళ్ల ముందు మావోడంత బుద్ధిమంతుడు లేడు.”

నూకాంబికకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వైరు బిగించమని రాయడానికి చెయ్యి చాచింది.

గౌరి ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

“ఇంకో పావుగంట ఆగమనండమ్మా. మా అత్త సంగతి ఇంకా సెప్పనేదు.”