తాళం వేసిన ఇంట్లో ఫోన్

ధడ్!

వెనకాల తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది!

నజీరా గిరుక్కున తిరిగింది. మసక చీకటి. తువ్వాలు చుట్టుకున్న మొహం.

"అరిచావో... చస్తావ్!"

మెడకి చల్లగా తగిలింది. నాటు తుపాకీ!

నజీరా పక్కింట్లో మిషన్ కుట్టుకుంటుంది. దసరా సెలవులకి తిరుపతి వెళ్తూ ప్రేమ్‌చంద్, లక్ష్మీదుర్గ తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

"పొద్దుగూకేసరికి లైటు వెయ్యి నజీరా. ఇంట్లో మనుషులున్నట్టుంటది."

సత్తెనపల్లిలో ఈ మధ్య తాళాలేసిన ఇళ్ళనే చూసి దోచేస్తున్నారు మరి. అందుకే లైటు వేద్దామని వచ్చింది. అంతే!

లోపల బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

అరవాలి... ఎవరికి వినపడుతుంది? వెనకాలే పత్తిమిల్లు హోరు!

ట్రింగ్... ట్రింగ్!

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఎవరు?"

"లక్ష్మీదుర్గక్క... ఈ టైముకి చేస్తానంది. ఎత్తకపోతే అనుమానపడతది."

"ఎత్తు. అంతా బాగుందని చెప్పు. ఒక్క మాట తేడా వచ్చిందో..."

ఎత్తింది. అవతల ఒంగోలు బస్టాండు రొద.

"నజీరా! ఇల్లు జాగ్రత్తగా ఉందా?"



"ఉందక్కా... మీ కుక్కకి కూడా అన్నం పెట్టాను."

ఆ ఇంట్లో కుక్క లేదు!

అవతల లక్ష్మీదుర్గ గొంతు మారింది.

"సరే నజీరా... సరే." ఫోన్ పెట్టేసింది.

"కుక్కేది?" వాడి కళ్ళు చిన్నవయ్యాయి.

"వీధి కుక్కే... రోజూ వస్తది."

నమ్మాడా? తెలీదు. తుపాకీ మాత్రం కదల్లేదు.

నగలు మూట కడుతున్నాడు. ఒంటి చేత్తో. మూట జారింది. తిట్టుకున్నాడు. మళ్ళీ కట్టాడు...

దబ్ దబ్ దబ్!

"నజీరక్కా! తలుపు తియ్యి! నేను, కోటేష్‌ని!"

ప్రేమ్‌చంద్ సొంత తమ్ముడు! పక్క వీధిలోనే ఉంటాడు. లక్ష్మీదుర్గక్కకి అర్థమైంది! అక్కే పంపింది!

ప్రాణం లేచొచ్చింది. "కోటేష్! లోపల దొంగ! తుపాకీ ఉంది!"

దొంగ కంగారుపడలేదు.

తుపాకీ ఆమె మీదే గురిపెట్టి, తాపీగా వెళ్ళి... వాడే గొళ్ళెం తీశాడు!

కోటేష్ లోపలికొచ్చాడు. గొళ్ళెం మళ్ళీ పెట్టాడు.

"ఒరేయ్! వెలుతురుండగానే ఎందుకు దూరావ్? రాత్రికి కదా రమ్మంది!"

"ఇల్లు ఖాళీ అన్నావుగా! ఈమె వస్తదని చెప్పలేదేం?" వాడు తువ్వాలు లాగిపారేశాడు.

నజీరా అతన్నే చూసింది.

"కోటేష్... నువ్వా?"

"మా అమ్మ నగలన్నీ అన్నయ్య బీరువాలోనే ఉండాలా అక్కా?" ఆమె కళ్ళల్లోకి చూడలేకపోయాడు. "అయినా నిన్నెవరు రమ్మన్నారు!"

ట్రింగ్... ట్రింగ్!

కంగారులో కోటేష్ ఎత్తేశాడు. "హలో..."

ఎస్టీడీ బూత్ లోంచి ప్రేమ్‌చంద్ అరుస్తున్నాడు. గదంతా వినపడుతోంది.

"కోటీ! వెళ్ళావా? నజీరా ఏదిరా? బాగుందా?"

"నజీరా... ఇక్కడెవరూ లేరన్నయ్యా. తాళం వేసే ఉంది. బయటినించే చూశా."

"తాళం వేసుంటే... మా ఇంట్లో ఫోన్ ఎట్లా ఎత్తావురా?"

కోటేష్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నయ్యా..." ఏడుపు తన్నుకొచ్చింది. "తప్పయిపోయిందన్నయ్యా... నేనొక్కణ్ణే కాదు... నాతో..."

"పేరు చెప్తావా?" దొంగ పళ్ళు కొరికాడు.

నజీరా మీంచి తుపాకీ గురి తప్పింది. కోటేష్ వైపు తిరిగింది!

ఆమె గొళ్ళెం మీద పడింది. లాగింది. రాలేదు... మళ్ళీ లాగింది!

ఢాం!

తలుపు తెరుచుకుంది. పెరట్లోకి పరుగెడుతున్న దొంగ అడుగులు. నజీరా గడపలో కూలబడి కేకలు పెడుతోంది. వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి.

వెనకాల... కుప్పకూలిన కోటేష్ పక్కన, వేలాడుతున్న రిసీవర్లోంచి గొంతు.

"కోటీ... మాట్లాడరా... నిన్నేం అననురా... ఒరేయ్ కోటీ!"