ఏ చెయ్యి వదిలింది?

"మా చెల్లెల్ని పోగొట్టింది నేనే. ఎలా పోగొట్టానో మీరు కనుక్కోవాలి," అంది ఆమె, కుర్చీలో కూర్చోకుండానే.

డిటెక్టివ్ తలెత్తి చూశాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు తీయడం మరచిపోయి వచ్చేసింది. దర్జీ పని అని వేరే చెప్పనక్కర్లేదు.

ఊళ్ళో ఆయన్ని కందిరీగ అనేవారు. ప్రశ్న పట్టుకుంటే వదలడని ఒక కారణం, ఎప్పుడూ చిరాగ్గా ఉంటాడని ఇంకో కారణం. పక్క బల్ల దగ్గరి టైపిస్టుకు మాత్రం ఆయన దేవుడి తర్వాత దేవుడు. ఉత్తరాలు కొట్టడానికి చేరిన ఆ మనిషి కేసుల రుచి మరిగి, సహాయకుడిగా అక్కడే స్థిరపడిపోయాడు.

"ఎప్పటి సంగతి?" అన్నాడు కందిరీగ.

"ఇరవై ఏళ్ళు దాటిపోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, దానికి నాలుగు. ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళం."

"ఇరవై ఏళ్ళా! ఆరిపోయిన పొయ్యిలో నిప్పు వెతకమంటారేమిటమ్మా? నా వల్ల కాదు. వెళ్ళిరండి."

ఆమె కదల్లేదు. "నాకిప్పుడు నాలుగేళ్ళ కూతురుంది సార్. రోడ్డు మీద దాని చెయ్యి పట్టుకోలేను. నా సంచీ పట్టుకుని నడవమంటాను. మొన్న సంచీ వదిలేసి లారీకి అడ్డం పోబోయింది."

కందిరీగ కుర్చీ చూపించాడు.

ఆ రోజు తల్లి నూనె తెమ్మని డబ్బా ఇచ్చి పంపిందట. పిచ్చుక వెంటపడిందట. బస్టాపు మలుపులో జనం తోసుకున్నారట.

"ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది సార్. చెమట పట్టిన చిన్న చెయ్యి ఇదిగో, ఇందులోంచి జారిపోవడం." కుడి అరచెయ్యి చాపి చూపించింది.

"మరి నూనె డబ్బా?"

"ఎడమ చేతిలో. డబ్బాని మాత్రం భద్రంగా ఇంటికి తెచ్చాను. అమ్మ దాన్ని గోడకేసి కొట్టింది."

కేసయితే ఒప్పుకున్నాడు గానీ, మర్నాటి నుంచి కందిరీగకు పళ్ళు నూరుకోవడమే పని అయింది. పోలీస్ స్టేషన్‌లో పాత ఫైలు అడిగితే, "ఆ గది కప్పు కారినప్పుడు అన్నీ ముద్దయిపోయాయండీ" అన్నారు. బస్టాపు దగ్గర అప్పటి కొట్లు ఒక్కటీ లేవు. మిగిలిన ముసలివాళ్ళను కదిపితే అందరిదీ ఒకటే పాట: "అక్క చెయ్యి వదిలేసిందండీ, పాపం."

"మీరు చూశారా?"

"చూడలేదనుకోండి. అందరికీ తెలిసిందేగా!"

రోడ్డు మీదే కందిరీగ ఒక డబ్బాను కాలితో తన్ని టైపిస్టు వైపు తిరిగాడు. "అందరికీ తెలుసు, ఒక్కడూ చూడలేదు! ఇంతమంది నోట ఒకే మాట వస్తోందంటే, అది ఒక్క నోట్లోంచి రాలిందేనయ్యా. ఆ నోరెవరిదో కావాలి."

ఆనాడు కేసు చూసిన ఇన్‌స్పెక్టర్ రిటైరై, పడక కుర్చీలో పత్రిక మొహం మీద వేసుకుని పడుకున్నాడు. లేపినందుకు విసుక్కున్నాడు.

"పిల్ల తనంతట తను చెప్పిందా?" అని అడిగాడు కందిరీగ.

"మొదట ఎక్కడ చెప్పింది? 'నాకు తెలీదు, నాకు తెలీదు' అని ఒకటే ఏడుపు. ఇద్దరూ చేతులు పట్టుకుని వెళ్ళడం చూశానని వాళ్ళ బాబాయే చెప్పాడు. ఆ మాట పట్టుకుని అడగ్గా అడగ్గా, బస్టాపు దగ్గర వదిలేశానని ఒప్పుకుంది."

"ఒప్పుకుంది!" కందిరీగ ఆ మాటను చేదు మాత్రలా మింగాడు. "ఎనిమిదేళ్ళ పిల్ల!"

తల్లి ఇంకా ఆ పాత ఇంట్లోనే ఉంటోంది. తండ్రి కూతురి దిగులుతోనే పోయాడు. గోడ మీద 'కనబడుటలేదు' అన్న పోస్టరు రంగు వెలిసి వేలాడుతోంది. బొమ్మలో పిచ్చుక నవ్వుతోంది. పక్కన ఎవరిదో భుజం ముక్క.

"ఇద్దరూ కలిసి దిగిన ఫోటో అది," అంది తల్లి. "పెద్దదాన్ని కత్తిరించేశాం."

టైపిస్టు తల దించుకున్నాడు.

"పిచ్చుక ఎక్కువగా ఎవరి దగ్గర ఆడుకునేదమ్మా?"

"ఇంకెవరి దగ్గర? వాళ్ళ బాబాయి దగ్గరే. పక్కనే గ్యారేజీ. నట్లూ బోల్టులూ ఏరుకుంటూ కూర్చునేది. కార్ల కింద పని చేయడానికి అక్కడ గొయ్యి తవ్వి ఉండేది. అందులో పడుతుందేమోనని నా ప్రాణం కొట్టుకునేది. చివరికి గండం ఇంకో వైపు నుంచి వచ్చింది."

"పెద్దమ్మాయి గురించి..."

"దాని ఊసెత్తకండి!" ఆమె మొహం గట్టిపడింది. "పిల్ల పోయి నేను నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, పిండికట్టు దురదపెడుతోందని అదొక ఏడుపు. మెట్ల మీంచి పడి విరగ్గొట్టుకుంటే మెడకి వేలాడదీసి వేళ్ళ దాకా కట్టారు. ఎడం చేత్తో తినడం రాక అన్నమంతా నేలపాలు. కట్టు విప్పించే తీరిక ఎవరికుంది అప్పుడు?"

కందిరీగ లేచి నిలబడ్డాడు. టైపిస్టుకు తెలుసు, ఆయన అంత మర్యాదగా దణ్ణం పెట్టాడంటే ఏదో దొరికిందన్నమాట. ఏమిటో మాత్రం తెలియలేదు.

గ్యారేజీలో బాబాయి ఒక కారు కింద ఉన్నాడు. చక్రాల బల్ల మీద వెల్లకిలా పడుకుని పాకుతూ బయటికొచ్చి, నడుం పట్టుకుని మూలుగుతూ లేచాడు. అరవై దాటిన మనిషి.

"ఎక్కడ పిల్ల కనబడిందన్నా బస్సెక్కేసేవాణ్ణి సార్. ఎన్ని ఊళ్ళు తిరిగానో! అన్నయ్యకు ఓపిక లేక మూలన పడితే, నేనే కాళ్ళయ్యాను." కళ్ళు తుడుచుకున్నాడు.

"ఈ వయసులో నేల మీద పడుకుని పనేమిటి?"

"అలవాటైపోయింది సార్."

కందిరీగ నేల వంక చూశాడు. గచ్చంతా నూనె తాగి నల్లబడింది. మధ్యలో మంచం వేసినంత మేర మాత్రం రంగు వేరు. దాని అంచున తుప్పు పట్టిన ఇనుప పట్టీ గచ్చులో కూరుకుపోయి ఉంది.

బయటికొచ్చాక టైపిస్టు అన్నాడు, "ఎంత మంచి మనిషి సార్! సొంత తండ్రి కూడా అంత తిరగడు."

"అవును, తిరిగాడు," అన్నాడు కందిరీగ. ఆయన గొంతులో సంతోషం లేదు. "ఆదివారం అందర్నీ తల్లి ఇంటికి రమ్మను. ఆ పడక కుర్చీ ఇన్‌స్పెక్టర్ని కూడా."

ఆదివారం మధ్యాహ్నం తల్లి కిటికీ దగ్గర, కూతురు గడప దగ్గర కూర్చున్నారు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఏళ్ళయింది. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. బాబాయి వదినకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఖాళీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"పెద్దాయనా," అన్నాడు కందిరీగ, "పిల్లలిద్దరూ చేతులు పట్టుకుని వెళ్ళడం మీ కళ్ళారా చూశారు కదూ?"

"చూశాను సార్. లక్షసార్లు చెప్పాను."

"పెద్దపిల్ల నూనె డబ్బా ఏ చేత్తో పట్టుకుంది?"

"ఇన్నేళ్ళ తర్వాత... ఎడం చేత్తో అనుకుంటా."

"అయితే చెల్లెల్ని?"

"కుడి చేత్తో. ఇంకే చేత్తో పట్టుకుంటుంది?"

కిటికీ దగ్గర నుంచి, ఎవరో నిద్రలోంచి మాట్లాడినట్టు, తల్లి అంది:

"దాని కుడి చెయ్యి కట్టులో ఉంది కదా."

కూతురు తన అరచెయ్యి వంక చూసుకుంది.

"అదేనమ్మా," అన్నాడు కందిరీగ. "ఒక చేతికి కట్టు, ఒక చేతిలో డబ్బా. పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. పట్టుకోని చేతిని వదలడం ఎలా కుదురుతుంది? ఈ అమ్మాయి ఒక్కతే బజారుకెళ్ళి ఒక్కతే తిరిగొచ్చింది. నిజమే చెప్పింది, తనకు తెలీదని. మీరంతా కలిసి అడిగి అడిగి, లేని చెయ్యిని ఆ అరచేతిలో పెట్టారు. ఈమె ఈనాటికీ ఆ చెమట తుడుచుకుంటోంది."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు అందరూ అలాగే..."

"ఒక్క ప్రశ్నండీ! ఏ చెయ్యి అని ఒక్కడు అడిగి ఉంటే ఆ సాయంత్రమే తేలిపోయేది!" కందిరీగ అరిచాడు. టైపిస్టు ఆయన అరవడం ఎప్పుడూ వినలేదు. తర్వాత ఆయనే గొంతు తగ్గించి బాబాయి వైపు తిరిగాడు. "చూడనిది చూశానని ఎందుకన్నారా అని ఆలోచించాను. పిల్ల ఇల్లు దాటి పోయిందని అందరూ నమ్మాలి. ఎందుకంటే అది ఎక్కడికీ పోలేదు. అక్క వెంట తీసుకెళ్ళకపోయేసరికి మీ దగ్గరికే వచ్చి ఉంటుంది, రోజూలాగే. నడుం విరుగుతున్నా నేల మీద పాకుతారు గానీ గోతిలో దిగి పని చేయరు. ఆ గొయ్యి ఎందుకు పూడ్చారు?"

బాబాయి చేతిలోని ఖాళీ గ్లాసు జారి దొర్లింది.

"కారు వెనక్కి తీస్తున్నాను," అన్నాడు. "చక్రం దగ్గర కూర్చుని బోల్టులు ఏరుకుంటోందని నాకేం తెలుసు వదినా? చూసేసరికే ప్రాణం లేదు. అన్నయ్య నన్ను నరికేస్తాడనుకున్నాను. గోతిలో..." వదిన మొహం చూడకుండా నేల వంక తిరిగాడు. "పెద్దది చిన్నపిల్లే కదా, పిల్లనెవరు తిడతారు, నాలుగు రోజుల్లో మరిచిపోతారు అనుకున్నాను."

"పిల్ల లేదని తెలిసి కూడా ఊళ్ళు ఎందుకు తిరిగారు?" టైపిస్టు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఇంట్లో ఉండలేక," అన్నాడు బాబాయి.

ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. కాసేపటికి జీపు వచ్చింది. బాబాయి ఎదురు చెప్పకుండా ఎక్కాడు. గునపాలు వచ్చాయి. సాయంత్రానికి గచ్చు పగిలింది. కింద ఏముందో చూసినవాళ్ళు టోపీలు తీశారు.

కందిరీగ గ్యారేజీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కేసు తేలితే ఉండే ఉత్సాహం మొహంలో లేదు. "సార్, మీరు కాకపోతే ఇది..." అని టైపిస్టు మొదలుపెడితే, "నోర్మూసుకో" అన్నాడు. "చదువూ తెలివీ కావాల్సిన కేసేనా ఇది? చేతులు లెక్కపెట్టడం వస్తే చాలు."

లోపల తల్లి గచ్చు పెళ్ళల పక్కన చతికిలబడి ఉంది. పెద్దకూతురు దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేయబోతే విసిరికొట్టింది.

"ఎందుకే తవ్వించావు? ఎవరడిగారు నిన్ను? ఎక్కడో ఒక చోట ఉంది, పెళ్ళయి ఉంటుంది, పిల్లలుంటారు అనుకుని ఇన్నేళ్ళూ ఇంత అన్నం తిన్నాను. రేపటి నుంచి ఏమనుకుని తినను?"

కూతురు వెనక్కి జరగలేదు. ఆ దుమ్ములోనే తల్లి ఎదురుగా కూర్చుంది.

"నేనున్నాననుకుని తినమ్మా," అంది.